గుర్రం కడుపులో పురుగు, లాయంలో మనిషి: కృష్ణా మెట్ట నుంచి కొన్ని ప్రశ్నలు

జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అనే గుట్ట మీద ఒకప్పుడు బౌద్ధ స్తూపం ఉండేది. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశీలించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద అతను రాసిన పుస్తకం 1887లో అచ్చయింది. అక్కడ దొరికిన పలకల్లో చరిత్ర విద్యార్థులకి బాగా తెలిసింది మాంధాత చక్రవర్తి పలక. సుమారు క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దానిదంటారు. చక్రవర్తి చెయ్యెత్తితే పైనుంచి నాణేల వాన కురుస్తుంది. చుట్టూ ఆయన ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ధనాగారం చూసేవాడు, మంత్రి.

గుర్రం రత్నమే, కాదనం. అయితే ఆ రత్నం రోజుకి పదిహేను ఇరవై కిలోల లద్దె వేస్తుంది. దాన్ని రెండు పూటలా ఎవరో ఒకరు ఎత్తాలి. ఎత్తకపోతే ఏమవుతుందో పశువైద్యం చదివినవాళ్ళకి తెలుసు, చరిత్ర రాసేవాళ్ళు మాత్రం ఇంతవరకు పట్టించుకోలేదు. మన చరిత్ర పుస్తకాల్లో గుర్రం యుద్ధంలో ఉంటుంది, ఓడలో ఉంటుంది, రాజుగారి ఖర్చు లెక్కలో ఉంటుంది. దాని కడుపు ఎక్కడా కనపడదు. కడుపు కనపడకపోతే ఆ కడుపుని కాపాడిన మనిషి కూడా కనపడడు. ఈ వ్యాసంలో నేను చూడదల్చుకున్నది ఆ మనిషిని. ఆ మనిషిని చూడాలంటే ముందు పురుగుని చూడాలి.

"గుర్రం మన వాతావరణానికి తట్టుకోదు" అనే మాట దక్షిణాది చరిత్రల్లో పదే పదే వస్తుంది. దీనికి ముఖ్య సాక్షి మార్కోపోలో. పదమూడో శతాబ్దం చివర అతను మన మోటుపల్లి గురించి, దాని కింద తమిళ తీరంలోని మాబార్ గురించి రాశాడు. మాబార్ రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారని, ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవని, గుర్రాల వైద్యం తెలిసినవాళ్ళు అక్కడ లేరని, ఉడికించిన మాంసం, అన్నం పెడతారని అతని మాట. వస్సాఫ్ అనే పారశీక చరిత్రకారుడు ఇంకో సంగతి చెప్పాడు: గుర్రాలని తాళ్ళతో మేకులకి నలభై రోజులు కట్టేసి, వండిన గింజలు, నెయ్యి, పాలు పోసి బలిపిస్తారట. ఆ తరవాత తర్ఫీదు లేకుండానే ఎక్కి తోలతారట. విజయనగరం విషయంలో పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసింది చాలామంది ఎత్తి చూపిస్తారు. సాళువ నరసింహుడు బతికిన గుర్రానికీ చచ్చిన గుర్రానికీ ఒకటే ధర ఇచ్చేవాడు, సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు. కృష్ణదేవరాయలు ఏటా 13 వేల గుర్రాలు కొనేవాడనీ అతనే రాశాడు.

ఇవన్నీ చదివి మన చరిత్రకారులు రెండు ముక్కల్లో తేల్చేశారు: ఒకటి వేడి, రెండు అజ్ఞానం. వేడి అనే మాట నాకు సగమే సరిపోయింది. గుర్రాలకి పేరున్న అరబ్బు దేశంలో ఎండ తక్కువా? మన మెట్టలో తట్టు గుర్రాలు తరతరాలు బతకలేదా? తేడా ఎండలో కన్నా తడిలో ఉంది. తడి కన్నా కూడా గుర్రం తన లద్దెకి ఎంత దగ్గరగా మేస్తోంది అన్నదాంట్లో ఉంది.

కడుపులో పురుగులు అని మనం ఒక్క మాటలో అంటాం. మనుషుల్లో ఏలికపాములు, కొంకిపురుగులు, బద్దెపురుగులు వేరువేరు కదా, గుర్రంలోనూ అంతే. పిల్లల్లో ఎక్కువగా ఉండేది గుర్రపు ఏలికపాము. అడుగు పైనే పెరుగుతుంది. ఒక్క ఆడ పురుగు రోజుకి లక్షకి పైగా గుడ్లు పెట్టగలదు. ఆ గుడ్డు పెంకు మందం, జిగురుగా లాయం గోడకీ, తల్లి పొదుగుకీ అంటుకుని సంవత్సరాల తరబడి చావకుండా ఉంటుంది. పెద్ద గుర్రాల్ని తినేవి రక్తం తాగే స్ట్రాంగైల్ జాతులు. వాటిలో పెద్దవి ఉన్నాయి, చిన్నవి ఉన్నాయి. చిన్నవాటిలోనే యాభై దాకా రకాలు. పెద్దవాటిలో ఒక రకం మరీ దుర్మార్గమైంది. దాని పిల్లపురుగు పేగు నుంచి బయలుదేరి పేగులకి రక్తం తెచ్చే ధమనిలోకి ఎక్కుతుంది, అక్కడ గోడ ఉబ్బిపోతుంది, గడ్డ కట్టిన రక్తం ముక్కలై కిందికి జారి పేగుకి రక్తం అందకుండా చేస్తుంది. అప్పుడు గుర్రం నేలమీద పడి పొర్లుతుంది, చెమటలు కారతాయి, తన డొక్క తనే చూసుకుంటుంది. దాన్నే పాతవాళ్ళు శూల అన్నారు. పొద్దున బాగున్న గుర్రం సాయంత్రానికి చచ్చిపోతే దృష్టి తగిలిందనీ, విషం పెట్టారనీ అనుకోవటంలో ఆశ్చర్యం లేదు.

ఈ స్ట్రాంగైల్ గుడ్లు లద్దెతో బయటికొస్తాయి. ఇరవై అయిదు ముప్ఫై డిగ్రీల వేడి, కాస్త తడి ఉంటే వారం లోపే పిల్లపురుగు అంటుకోవటానికి సిద్ధమవుతుంది. చలి దేశాల్లో దీనికి వారాలు పడుతుంది. మన శ్రావణ భాద్రపదాలు దానికి పండగ. వాన లద్దె ఉండల్ని చితకగొట్టి గడ్డిలోకి పరుస్తుంది, మంచు బిందువు పట్టుకుని పిల్లపురుగు గడ్డిపోచ ఎక్కుతుంది, గుర్రం ఆ పోచ తింటుంది. చైత్ర వైశాఖాల్లో మెట్ట నేల కాలిపోయేటప్పుడు ఇవే పిల్లపురుగులు ఎండి చస్తాయి. కాబట్టి ఉష్ణదేశం అని ఒక్క ముద్ద చేసి మాట్లాడటానికి లేదు. మచిలీపట్నం వైపు డెల్టా బురద వేరు, నందిగామ వైపు నల్లరేగడి, జగ్గయ్యపేట వైపు రాతిగుట్టల బీడు వేరు. ఒకే జిల్లాలో (2022 ఏప్రిల్ నుంచి ఈ రెండు ఊళ్ళూ ఎన్టీఆర్ జిల్లా కింద ఉన్నాయి) పురుగుకి రెండు దేశాలు.

ఇక రోగనిరోధక శక్తి సంగతి. ఏలికపాముని గుర్రప్పిల్ల ఆరు నెలల వయసు నుంచి మెల్లగా ఎదిరించటం మొదలుపెడుతుంది, పెద్దదయ్యేసరికి చాలా వరకు వదిలించుకుంటుంది. స్ట్రాంగైల్ విషయంలో అలా పూర్తి గెలుపు ఉండదు. పురుగులు తక్కువ ఉండేట్టు, గుడ్లు తక్కువ పెట్టేట్టు ఒంట్లో ఒక రాజీ కుదురుతుంది. మందలో అన్ని గుర్రాలకీ ఇది సమానంగా రాదు. ఏ నాలుగైదింటిలో ఒకటో ఎక్కువ గుడ్లు వదులుతూ ఉంటుంది, మిగతావి కొద్దిగానే. ఈ రాజీ నిలవటానికి మూడు కావాలి. చిన్నప్పటి నుంచి కొంచెం కొంచెంగా పురుగుతో పరిచయం ఉండాలి, ఒక్కసారిగా మీదపడకూడదు, మేతలో మాంసకృత్తులు ఉండాలి. తిండి తగ్గితే ఎదిరించే శక్తి తగ్గుతుంది. చిన్న స్ట్రాంగైల్ పిల్లలు పేగు గోడలో బొంత కప్పుకున్నట్టు నెలలు, కొన్నిసార్లు సంవత్సరాలు పడుకుని ఉంటాయి. ఒంటి బలం చూసి లేస్తాయా అనిపించేట్టుగా ఒక్కుమ్మడిగా బయటపడితే గుర్రం విరేచనాలతో చస్తుంది.

ఇప్పుడు వస్సాఫ్ మాట మళ్ళీ చదవండి. ఓడలో ఎండుమేత మీద వచ్చిన ఎడారి గుర్రం. దానికి తడి గడ్డి పురుగుతో పెద్దగా పరిచయం లేదు. దించగానే ఒకే చోట నలభై రోజులు కట్టేశారు. కింద లద్దె, పైన తేమ. ఈ పురుగు పాత్ర గురించి ఆ కాలపు రాతల్లో సాక్ష్యం ఉండదు, పురుగు గుడ్డు చూడటానికి సూక్ష్మదర్శిని లేదు కదా. అయినా గుర్రాలు చచ్చిన తీరుకి ఇది వేడి కన్నా దగ్గరి కారణమని నా అభిప్రాయం. అప్పుడు అసలు ప్రశ్న తిరగబడుతుంది. గుర్రాలు ఎందుకు చచ్చాయి అన్నది కాదు, చావకుండా ఉన్నవి ఎవరి చేతుల మీద బతికాయి?

మన పుస్తక విద్య దీనికి జవాబు చెప్పదు. శాలిహోత్రుడి పేర సంస్కృతంలో అశ్వశాస్త్రం ఉంది, తెలుగులో మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం ఉంది. సుడులు ఎక్కడుంటే శుభం, ఏ రంగు ఏ రాజుకి తగును, పళ్ళు చూసి వయసు ఎలా చెప్పాలి, ఇదంతా ఈ శాస్త్రాల సంగతి. సంస్కృత గ్రంథాలు కొన్ని గుర్రాలకి కూడా వర్ణాలు పెట్టాయి: బ్రాహ్మణ గుర్రం, క్షత్రియ గుర్రం, వైశ్య గుర్రం, శూద్ర గుర్రం. వాసన బట్టి, స్వభావం బట్టి విభజన. గుర్రాల్లో పంచమ గుర్రం లేదు. ఎందుకుంటుంది, పంచముడు లాయంలోనే ఉన్నాడు, చేతిలో గంపతో. కాకతీయుల కాలంలో ఏనుగుల, గుర్రాల దళాలు చూసే అధికారికి సాహిణి అని బిరుదు. గజసాహిణి జాయప మనకి పేరుతో సహా తెలుసు, నృత్తరత్నావళి రాసినవాడు. సాహిణి కింద పనిచేసిన వాడి పేరు ఏ శాసనంలో వెతుకుదాం?

ఆంగ్లేయుల కాలానికి వస్తే పేర్లు దొరక్కపోయినా పని దొరుకుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రతి గుర్రానికి ఇద్దరు మనుషులు ఉండటం మామూలు: ఒక గుర్రపువాడు, ఒక గడ్డికోతవాడు. ఉత్తరాదిలో సాయీసు అన్నవాణ్ణే మద్రాసు దొరలు గుర్రపువాడు అన్నారు. గడ్డికోత పని చాలాసార్లు గుర్రపువాడి పెళ్ళాంది. వీళ్ళు ఎక్కువగా అరవ దేశంలో పరయలు, తెలుగు వైపు మాలలు, ముస్లింలూ ఉండేవారు. దొర కుటుంబం ఊరు మారితే గుర్రం ముందు నడిచేది, దాని వెనక గుర్రపువాడు, అతని వెనక గడ్డిమోపుతో ఆమె. మచిలీపట్నంలో సైన్యం ఉన్న రోజుల్లో హైదరాబాదు పోయే దారి ఈ మెట్టమీదగానే. విజయవాడ, నందిగామ, జగ్గయ్యపేట, కోదాడ అని ఇవాళ బస్సులో మనం పోయే దారే అది.

ఆమె పని ఎలాంటిదో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా దాని మీదే ఆధారపడింది. గుర్రానికి మంచిది గరిక. గరిక నేలకి అతుక్కుని పాకుతుంది, కొడవలికి దొరకదు. దోకుడుపారతో వేళ్ళతో సహా చెక్కి తియ్యాలి. తీసినదాన్ని కర్రతో కొట్టి మన్ను దులపాలి, నీళ్ళలో జాడించాలి, ఎండలో ఆరబెట్టాలి, మోపు కట్టి మైళ్ళు మోసుకొచ్చి వెయ్యాలి. మన్ను ఉంటే ఇసక కడుపులో చేరి శూల వస్తుందని దొరల భయం. పురుగు సంగతి ఆ కట్టడిలో లేదు. కానీ ఈ పనిలో జరిగింది చూడండి. గుర్రం తన లద్దె పడ్డ చోట మెయ్యలేదు. గడ్డి వేరే చోటు నుంచి, చాలాసార్లు గొడ్లూ గొర్రెలూ మేసే బీడు నుంచి వచ్చింది. గుర్రపు స్ట్రాంగైల్ గొడ్డు కడుపులో బతకదు, గొడ్డు దాన్ని మింగి చంపేస్తుంది. జాడించటం వల్ల, ఎండ వల్ల మిగిలినవి ఇంకా తగ్గాయి. లాయంలో లద్దెని మొగుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎత్తేశాడు, గుడ్డు పిల్లయ్యే వ్యవధి ఇవ్వకుండా. ఇద్దరూ కలిసి పురుగు తిరిగే చక్రాన్ని రెండు చోట్ల నరికారు. ఆ గుర్రానికి "ఒంటి సత్తువ ఉంది, మన వాతావరణానికి అలవాటు పడింది" అని రిజిస్టర్లో రాసుంటారు. సగం అలవాటు ఆ దంపతుల చేతుల్లో ఉంది.

ఇంకో సగం ఉలవల్లో ఉంది. ఉత్తరాదిలో గుర్రానికి శనగలు, మన మద్రాసు వైపు ఉడికించిన ఉలవలు. ఉలవల్లో ఇరవై శాతం పైగా మాంసకృత్తులు. మెట్ట పంట, తక్కువ వానకి పండుతుంది. మన కృష్ణా జిల్లా వాళ్ళు ఇప్పుడు హోటల్లో మీగడ వేసుకు తినే ఉలవచారు, ఉలవలు ఉడికించి గుగ్గిళ్ళు గొడ్డుకి పెట్టాక మిగిలిన నీళ్ళే. పురుగుతో రాజీ నిలబెట్టటానికి గుర్రానికి కావలసింది ఈ గుగ్గిళ్ళు. వాటిని ఉడికించేది గుర్రపువాడు. ఆనాటి ఆంగ్లో ఇండియన్ గృహనిర్వహణ పుస్తకాల్లో తరచు కనపడే హెచ్చరిక ఏమిటంటే, గుర్రం దాణా తినేటప్పుడు దగ్గరుండి చూడండి, లేకపోతే గుర్రపువాడు దొంగిలిస్తాడు అని. గుర్రపువాడి పిల్లలు గుర్రం ఉలవలు తిన్నారా? తినే ఉంటారు. తినకపోతే ఆశ్చర్యపోవాలి. మనిషికి చాలని జీతం ఇచ్చి, ఎదురుగా ఇరవై శాతం మాంసకృత్తుల గింజ ఉడకబెట్టమని, రుచి చూడొద్దని చెప్పిన వాళ్ళే ఆ పుస్తకాలు రాశారు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. ఆ సామెత ఎవరి నోట పుట్టిందో నాకు సందేహం లేదు.

ఈ మనుషుల జ్ఞానం గురించి ఒక్క మాట. కంచ ఐలయ్య చర్మకారుల పనిని విజ్ఞానంగా చదవమన్న సంగతి మన పాఠకులకి తెలుసు. లాయం పని వైపు ఆ చూపు ఇంకా పడలేదు. చచ్చిన గొడ్డుని కోసిన మాదిగకి పేగుల్లో ఏముందో, కార్జంలో జలగలాంటిది ఏముందో కంటితో కనపడుతుంది. పశువైద్య కళాశాలలో పోస్టుమార్టం చేసి చూసేదీ అదే. ఒకరు చూస్తే మైల, ఇంకొకరు చూస్తే పరిశోధన. పైగా పశువులు ఎక్కువ చచ్చినప్పుడు తోళ్ళ కోసం విషం పెట్టారని చర్మకారుల మీద నేరం మోపిన చరిత్ర ఉత్తరాదిలో పంతొమ్మిదో శతాబ్దం అంతటా ఉంది. మందుల విషయంలోనూ అంతే. మన మెట్టలో ఎర్రగా పూసే మోదుగ గింజల్ని కడుపులో పురుగులకి వాడేవారు. 1868లో ఎడ్వర్డ్ వేరింగ్ కూర్చిన భారత ఔషధ గ్రంథంలో అవి పురుగుల మందుగా చోటు సంపాదించాయి. వేరింగ్ పేరు పుస్తకం మీద ఉంది. మోదుగ గింజ ఏ పురుగుకి పనిచేస్తుందో తరతరాలు తిని చూసినవాళ్ళ పేర్లు లేవు. మోదుగని పొగడటం నా ఉద్దేశం కాదు, పేగు గోడలో పడుకున్న పిల్లపురుగుని అది ఏమీ చెయ్యలేదు. ఆ కాలపు దొరల మందులు, రసం, పాషాణం, కర్పూరతైలం, ఇంతకన్నా మెరుగేమీ కాదు, కొన్ని గుర్రాన్నే చంపేవి.

సర్కారు వైపు చూద్దాం. హోసూరులో సైన్యం గుర్రాల కోసం 1824లోనే క్షేత్రం పెట్టారు. లాహోరులో పశువైద్య పాఠశాల 1882లో, బొంబాయిలో కళాశాల 1886లో, మద్రాసులో 1903లో వచ్చాయి. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల రక్తంలో సర్రా రోగానికి కారణమైన పరాన్నజీవిని కనిపెట్టాడు. అది గొప్ప పనే. వానాకాలంలో మానకుండా ఉండే పుళ్ళని బర్సాతీ అన్నారు. ఆ పేరు కింద కలిపేసిన పుళ్ళల్లో కొన్ని, లద్దెలో పెరిగిన ఈగలు మోసుకొచ్చిన పొట్టపురుగు పిల్లల వల్ల వస్తాయని తరవాత తేలింది. లద్దె ఎత్తేస్తే ఈగా లేదు, పుండూ లేదు. శాస్త్రం ఎటు తిరిగినా చివరికి ఆ గంప దగ్గరికే వస్తుంది.

ఇదే కాలంలో గంప మోసేవాడి కడుపులో పురుగుల్ని ఎవరు చూశారు? గుర్రపు స్ట్రాంగైల్ మనిషికి అంటదు, ఆ మేరకు లాయం క్షేమమే. మనిషికి అంటేది కొంకిపురుగు. చెప్పుల్లేని కాలి చర్మంలోంచి ఎక్కుతుంది, పేగుకి కొరికి పట్టుకుని రక్తం తాగుతుంది. మరుగుదొడ్డి లేని వాడ, చెప్పు వేసుకోకూడని కులం, తడి పొలంలో కూలి, ఈ మూడూ కలిసిన చోట అది రాజ్యం చేస్తుంది. అగ్రకులాల వీధిలో మాలమాదిగ చెప్పులు చేతపట్టుకుని నడవాలన్న కట్టుబాటుని మనం అవమానంగా చర్చించాం. అది రక్తహీనత కూడా. మద్రాసు ప్రెసిడెన్సీలో కొంకిపురుగు మీద గట్టి సర్వే, చికిత్స 1920ల్లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వచ్చాక గానీ మొదలు కాలేదు. అంటే హోసూరు గుర్రాల క్షేత్రానికీ దీనికీ మధ్య దాదాపు వందేళ్ళు. ఆ మందు కథ కూడా చూడండి. 1921లో మోరిస్ హాల్ అనే అమెరికా పశువైద్య పరిశోధకుడు కార్బన్ టెట్రాక్లోరైడ్ కుక్కల కొంకిపురుగు మీద పనిచేస్తుందని చూపించాడు. ఒకటి రెండేళ్ళలోనే ఫిజీలో లాంబర్ట్ అనే డాక్టరు దాన్ని వేలమందికి తాగించాడు. చెరుకు తోటలకి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన మనవాళ్ళు ఉన్న దేశం అది. కార్జాన్ని పాడుచేసే మందు. కొందరు చచ్చిపోయారు కూడా. పశువుకీ కూలీకీ మధ్య ప్రయోగశాల పెద్ద దూరం పెట్టలేదు. ఊరు మాత్రం పశువుని దొడ్లోకి రానిచ్చింది, కూలీని రానివ్వలేదు.

జగ్గయ్యపేటకి వద్దాం. పాత పేరు బేతవోలు. చింతపల్లి, అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేర ఈ ఊరిని పేట చేశాడు. ఆయన దానధర్మాల మీద కథలు చాలా ఉన్నాయి, చెంచుల తలలు నరికించిన కథా ఉంది. ఆయన ఏనుగులూ గుర్రాలూ ఆ కథల్లో తిరుగుతాయి. ఆయన లాయం నడిపినవాళ్ళ కథ లేదు. బెజవాడ నుంచి హైదరాబాదు వైపు 1889 నాటికి రైలు వచ్చినా ఈ రెండు ఊళ్ళకీ దూరంగా, బోనకల్లు, మధిర మీదుగా పోయింది. కాబట్టి సంతకీ, కోర్టుకీ, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరనాళ్ళకీ రోడ్డే దిక్కు. ఎద్దుబండి తరవాత జట్కా. జట్కా అంటే దొర గుర్రం పేదవాడి చేతికి రావటం. సాయిబులూ, దూదేకులవాళ్ళూ, మాలలూ తోలారు. ఇక్కడ గుర్రపువాడూ గడ్డికోతా యజమానీ ఒక్కడే. ఉలవలు కొనే డబ్బు కిరాయిలోంచే తియ్యాలి, ఇంట్లో తిండీ అందులోంచే. కిరాయి పడని వానాకాలంలో దాణా తగ్గుతుంది, పురుగు పెరిగేదీ అప్పుడే. ఎముకలు తేలిన జట్కా గుర్రాన్ని చూసి సినిమాలు నవ్వించాయి, జాలిగుండెలవాళ్ళు తోలేవాణ్ణి తిట్టారు. గుర్రానికీ మనిషికీ ఒకే ఆకలి అన్న సంగతి రెండు పక్షాలకీ పట్టలేదు.

ఆటోలు వచ్చాక జట్కా పోయింది. అంతకు ముందే నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు ఈ మెట్టకి వచ్చాయి. బీడు పొలమైంది, గరిక చెక్కే చోట వరి, పత్తి, మిరప. గుర్రం పోయి పాడిగేదె వచ్చింది. లద్దె పోయి పేడ వచ్చింది. దాన్ని ఎత్తే చేతులు మారలేదు. తెల్లారి నాలుగింటికి ఆసామి దొడ్లో పేడకళ్ళు తీసే పాలేరు, గడ్డిమోపుతో కాలువగట్టున నడిచే ఆడకూలీ, వీళ్ళ కులం ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. తడి పెరిగింది కాబట్టి పురుగూ పెరిగింది. దూడల్లో ఏలికపాము, కార్జంలో జలగ, ఇప్పుడు మెట్టకీ డెల్టాకీ పెద్ద తేడా లేదు.

మందులు రాలేదా అంటే వచ్చాయి. 1961లో థయాబెండజోల్, 1981లో ఐవర్‌మెక్టిన్. రెండోదానికి 2015లో నోబెల్ కూడా వచ్చింది, మనుషుల్లో నదీ అంధత్వాన్ని అది తగ్గించినందుకు. మన బడిపిల్లలకి 2015 నుంచి ఫిబ్రవరి 10న ఇచ్చే ఆల్బెండజోల్ కూడా మొదట పశువుల మందే. గుర్రాలకి మాత్రం ఆ ధీమా ఎక్కువ కాలం నిలవలేదు. నెలకోసారి, రెండు నెలలకోసారి అన్ని గుర్రాలకీ పోస్తూ పోయేసరికి చిన్న స్ట్రాంగైల్స్ మొదటి రకం మందుకి లొంగటం మానేశాయి. ఐవర్‌మెక్టిన్‌కి లొంగని గుర్రపు ఏలికపాములు 2002లో నెదర్లాండ్స్‌లో బయటపడ్డాయి. ఇప్పుడు పశువైద్యులు చెప్పేది, లద్దె పరీక్షించి గుడ్లు ఎక్కువ ఉన్న గుర్రానికే మందివ్వండి, మిగతావాటి సొంత నిరోధక శక్తిని నమ్మండి, బీడులో లద్దె ఎత్తెయ్యండి అని. అమెరికాలో రూపర్ట్ హెర్డ్ అనే పరాన్నజీవుల శాస్త్రజ్ఞుడు 1986లోనే ఈ చివరి సంగతి నొక్కి చెప్పాడు: వారానికి రెండుసార్లు లద్దె తీసేస్తే మందు వాడినదానికన్నా పురుగులు తగ్గుతాయి. వాళ్ళు దానికి యంత్రం పెట్టుకున్నారు. వ్యాసం చదివితే మనకి కొత్తగా ఏమీ అనిపించదు. మన గుర్రపువాడు వారానికి పద్నాలుగుసార్లు తీశాడు.

గుర్రం ఈ మెట్ట నుంచి పూర్తిగా పోయిందనటానికి కూడా లేదు. నందిగామ చుట్టుపక్కల పత్తిచేలో పాము కరిచిన కూలీకి ఆసుపత్రిలో ఎక్కించే సూదిమందు గుర్రం రక్తం నుంచి వచ్చిందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాల్ని కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కించి, దాని ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాల్ని తీస్తారు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఈ పని చేసింది, తెలంగాణలోనూ తయారీ ఉంది. ఆ గుర్రాలకి పురుగులుంటే రక్తం పలచబడుతుంది, మాంసకృత్తులు పడిపోతాయి, కాబట్టి పురుగుల మందు, లాయం శుభ్రత తప్పనిసరి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలు చెబుతాయి. ఆ శుభ్రత చేసేవాళ్ళు ఎవరని ఏ సీసా మీదా ఉండదు.

మరోపక్క గుర్రం ఎక్కే హక్కు ఇంకా కొట్లాటే. 2018 మార్చిలో గుజరాత్ భావనగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి చంపారు, గుర్రం కొని ఎక్కి తిరుగుతున్నాడన్న కక్షతోనే చంపారని తండ్రి ఫిర్యాదు. పెళ్ళి గుర్రం మీద నుంచి దళిత వరుణ్ణి దించేసిన వార్తలు ఉత్తరాది నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి. వెయ్యేళ్ళు గుర్రం కింద ఉండొచ్చు, ఒక్క పూట పైన ఉండకూడదు.

ఈ చరిత్రకి కాగితాలు తక్కువ, జ్ఞాపకాలు ఇంకా కొద్దిగా ఉన్నాయి. జట్కా తోలిన తరం ఇప్పుడు ఎనభైల్లో ఉంది. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల, తిరువూరు వైపు చదువుకుంటున్న మన పిల్లలు, పాఠాలు చెప్పే మాస్టార్లు ఈ ఏడాదిలోనే వాళ్ళ దగ్గర కూర్చోవాలని నా మనవి. అడగవలసినవి పెద్ద ప్రశ్నలేం కాదు. గరిక ఎక్కడ చెక్కేవాళ్ళు, ఎవరి బీడు, ఆ ఆసామి ఏమనేవాడు? జాడించటానికి ఏ చెరువులో దిగనిచ్చేవాళ్ళు? గుర్రానికి శూల వస్తే ఏం పోసేవాళ్ళు, ఎవరు నేర్పారు? లద్దె ఎక్కడ పోసేవాళ్ళు, ఎరువుగా ఎవరు పట్టుకెళ్ళేవాళ్ళు, డబ్బిచ్చారా? ఉలవలు ఇంట్లో వండుకున్నారా? జట్కాకి లైసెన్సు ఉంటే ఆ కాగితం మీద పేరు ఎవరిది? గడ్డికి పోయిన ఆడమనిషి పేరు కూడా రాసుకోండి, ఇంటిపేరుతో సహా.